నేను హాలెండ్ ఎందుకు ఎంచుకున్నానంటే

యాభై నాలుగో సంవత్సరం జనవరిలో మా యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. ఎం.ఏ. చదివే ఆడపిల్లల్లో ఒకరిని ఏడాదిపాటు విదేశంలో చదువుకోవడానికి పంపిస్తారట. ఇంగ్లండు, హాలెండ్, నార్వే. ఈ మూడింట్లో ఏది కావాలో మనమే ఎంచుకుని దరఖాస్తులో రాయాలి.

నేనప్పుడు భూగోళశాస్త్రం ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఏ నది ఎక్కడ పుట్టి ఏ సముద్రంలో కలుస్తుందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. నేను స్వయంగా చేసిన ప్రయాణాల్లోకెల్లా దూరమైనది మాత్రం నాంపల్లి స్టేషన్లో రైలెక్కి కాజీపేటలో దిగడం. సముద్రం అనేదాన్ని గోడ మీద పటంలో నీలిరంగుగా తప్ప చూడలేదు.

నోటీసు చదివాక నాకు ఆలోచించాల్సినంత పని ఏమీ కనిపించలేదు. ఇంగ్లండే. కారణం అప్పుడెవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికేం? ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం అద్దాల వెనక, తల లేని బొమ్మకి బూడిదరంగు ఉన్ని ఓవర్‌కోటు తొడిగి నిలబెట్టారు. మోకాళ్లు దాటే పొడవు, అరచేయంత కాలరు, నల్లటి పెద్ద గుండీలు. హైదరాబాద్‌లో దాన్ని ఎవరు కొంటారని పెట్టారో నాకు తెలియదు. రెండేళ్లుగా అది అక్కడే ఉంది. వారానికి రెండుసార్లయినా దాని ముందు ఆగి, అద్దంలో కనిపించే నా తల సరిగ్గా ఆ బొమ్మ మెడ మీదికి వచ్చేలా నిలబడి చూసుకునేదాన్ని. అలాంటి కోటు వేసుకుని తిరగాలంటే లండన్‌లోనే తిరగాలి. డిగ్రీ దాకా చదివిన చదువు నాకు నేర్పిన భూగోళశాస్త్రం అంతే.

మాది నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయి ఇల్లు. బాపు కోర్టులో నకళ్లు రాసే గుమాస్తా. ఇరవై ఏళ్లపాటు తీర్పులన్నీ ఉర్దూలో ఎత్తిరాసి, పోలీసు చర్య తర్వాత ఆఫీసులు ఇంగ్లీషులోకి మారితే, నలభై ఏళ్ల వయసులో ఆ అక్షరాలు దిద్దుకుని మళ్లీ మొదటినుంచి ఎత్తిరాయడం మొదలుపెట్టినవాడు. ఎవరే కాగితం ఇచ్చినా ముందు దాన్ని వెనక్కి తిప్పి చూసేవాడు. నేను దరఖాస్తు ఫారం తెచ్చి ఇస్తే కూడా అలాగే తిప్పాడు.

"ఎనక ఏదో రాసిన్రు," అన్నాడు. అక్షరం అక్షరం కింద వేలు పెట్టి చదివి, కళ్లద్దాలు తీసి, నావైపు చూశాడు. "నువ్వు సదివినవా దీన్ని?"

నేను చదవలేదు. మూడు దేశాల పేర్లు ముందువైపే ఉన్నాయి కదా, ఇక వెనకవైపుతో నాకేం పని?

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న నాయనమ్మ, "ఏందిరా అది?" అంది.

"ఏం లేదమ్మా. ఇది అటు పోతే, అటునుంచి ఒక పోరి ఇటు వస్తదట. ఏడాది మన ఇంట్లనే ఉంటదట. ఇది వాళ్లింట్ల ఉంటదట."

నాయనమ్మ చేట పక్కన పెట్టింది. "గట్లైతే ఇది ఎటు పోతదో గది తర్వాతి ముచ్చట. మన ఇంటికి ఎవరొస్తరో గది జూడాలె ముందు."

ఆ మాటతో నా విదేశయానం మా ఇంట్లో రెండో విషయమైపోయింది. ఆ సాయంత్రం నుంచి నాయనమ్మ పెళ్లిచూపులకు వచ్చేవాళ్ల గురించి ఆరా తీసినట్టు మూడు దేశాల గురించి ఆరా తీయడం మొదలుపెట్టింది. ఏం తింటారు, ఎప్పుడు లేస్తారు, పెద్దవాళ్లని చూస్తే లేచి నిలబడతారా. నా పాఠ్యపుస్తకంలో వీటికి జవాబులు లేవు. ఉన్నంతలో చదివి వినిపించాను. నార్వే గురించి, అక్కడ చేపలు, కలప దొరుకుతాయనీ, ఉత్తరాన ఎండాకాలంలో సూర్యుడు అసలు అస్తమించడనీ చెప్పాను.

"పొద్దు గుంకదా?"

"గుంకదు నాయనమ్మా. రెండు నెలలు."

"మరి ఎప్పుడు పండుకోవాల్నో ఆ పోరికి ఎట్ల తెలుస్తది? వద్దు తల్లీ. మన ఇంట్ల కూడ గట్లనే కూసుంటది. మనమంతా దానితోని కూసోవాలె."

నార్వే ఆ విధంగా పోయింది.

ఇంగ్లండు సంగతి తెలుసుకోవడానికి బాపు నన్ను బషీర్‌బాగ్‌లో ఉండే ఒక పెద్ద బారిష్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాడు. యవ్వనంలో మూడేళ్లు లండన్‌లో చదువుకుని వచ్చిన మనిషి. ఆయన నన్ను కూర్చోబెట్టి రెండు గంటలు చెప్పారు. ఆ రెండు గంటల్లో నాకు తెలిసింది ఏమిటంటే, ఆయనున్న ఇంటి యజమానురాలు వారానికి ఒక్కసారే వేడినీళ్లు ఇచ్చేది. క్యాబేజీని ఉప్పు లేకుండా, అది క్యాబేజీ అన్న సంగతి మర్చిపోయేదాకా ఉడికించేది. పొగమంచులో ఒకసారి ఆయన సొంత వీధి అనుకుని వేరే వీధిలోకి వెళ్లి ఎవరి తలుపుకో తాళంచెవి పెట్టి తిప్పారు.

"అయినా విలాయత్ విలాయతే," అన్నారు చివర్న. "గాడికే పంపు. పిల్లకు ఇంగ్లీషు మంచిగ వస్తది."

నాకు ఉత్సాహం వచ్చి అడిగాను. "గాడ మీకు దోస్తులు మస్తు మంది అయిండొచ్చు గద, సాబ్?"

ఆయన కప్పు కింద పెట్టి పైకప్పువైపు చూశారు. చాలాసేపు చూశారు. బాపు ఇబ్బందిగా కదిలాడు. "ఒక పోస్టుమాన్ ఉండె," అన్నారు చివరికి. "మంచోడు. నేను గుమ్మంల నిలబడితే దూరంనుంచే చెయ్యి ఊపేటోడు, ఇయ్యాల గూడ నీకేం రాలే అని."

ఇంటికి వచ్చాక బాపు ఈ విషయాలన్నీ నాయనమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె పోస్టుమాన్ దాకా వినలేదు. వారానికి ఒక్కసారి స్నానం దగ్గరే ఆగిపోయింది. "మన దేవుడర్ర పక్కనున్న అర్రల గామెను పండవెడ్తమా? కుదరది."

మిగిలింది హాలెండ్. నా పుస్తకంలో హాలెండ్ గురించి పాలు, వెన్న, జున్ను, పూలు అని ఉంది. నాయనమ్మ ముఖం విప్పారింది. "పాడి ఉన్నోళ్లు. పాలు పెరుగు తిన్న పిల్ల, కడుపుల సల్లగుంటది, నోట్ల మంచి మాట ఉంటది. గామెనే రానియ్యి."

ఈ దశలో బాపు ఒక అడ్డు తెచ్చాడు. కోర్టులో ఎవరో పాత పత్రిక చూపించారట. హాలెండ్ సముద్రమట్టం కంటే కింద ఉందనీ, కిందటేడే సముద్రం కట్టలు తెంచుకుని ఊళ్లను ముంచిందనీ చదివి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. "నీళ్ల కింద ఉన్న దేశానికి బిడ్డనెట్ల పంపుతమమ్మా?"

మూసీ వరద ఊరిని తుడిచిపెట్టిన ఏడాది నాయనమ్మ పదిహేనేళ్ల కొత్త కోడలు. అఫ్జల్‌గంజ్ దగ్గర అత్తవారింటి మిద్దె మీద రెండు రోజులు కూర్చుంది. ఆ సంగతి మామూలుగా ఆమె మాట్లాడదు. ఆ రోజు మాట్లాడింది.

"మూసీ వచ్చినప్పుడు మా అత్త ఒక చేతుల దేవుని పటం, ఒక చేతుల నన్ను పట్టుకొని మిద్దెక్కింది. కండ్ల ముందట ఇండ్లు పోయినయి. అయినా ఊరిడిసి పోయినమా? నీళ్లు పోయినయి, మేం కిందికి దిగినం, బురద తీసుకున్నం. గా హాలెండోళ్లు గూడ దిగే ఉంటరు. నువ్వు అన్నం తిను."

బాపు అన్నం తిన్నాడు. ఇంట్లో అందరూ హాలెండ్ అన్నారు. నేనొక్కదాన్నే పెదాలు బిగించుకుని ఇంగ్లండు అంటూ వచ్చాను. ఫారం మీద పెన్సిల్‌తో రాసి కూడా పెట్టాను. అమ్మ ఇంతవరకూ ఏమీ అనలేదు. అమ్మ ఎవరి మాటకీ అడ్డు రాదు కాబట్టి ఆమెకి అభిప్రాయం లేదని మేం అనుకునేవాళ్లం.

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో ఆడవాళ్లకి ప్రత్యేకించిన రోజున అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. గాజులు చూసింది, కొనలేదు. దుప్పట్లు చూసింది, కొనలేదు. తర్వాత సరాసరి రంగులరాట్నం దగ్గరికి వెళ్లి, "ఎక్కు," అంది. ఆమె దాన్ని ఎక్కడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. మేం పైకి వెళ్లేసరికి కింద ఎవరినో ఎక్కించుకోవడానికి రాట్నం ఆగింది. స్టేషన్లో ఇంజను పొగ, ఆబిడ్స్ వైపు మేడలు, అన్నీ మధ్యాహ్నపు ఎండలో కనిపిస్తున్నాయి. అమ్మ కొంగు బిగించి పట్టుకుని, కిందికి చూడకుండా, నా చెప్పులవైపు చూస్తూ అడిగింది.

"నువ్వు గా కోటు జూసే గద ఇంగ్లండ్ అంటున్నవ్?"

"నీకెట్ల తెల్సు?"

"గాడ నిలబడి తలకాయ అటు ఇటు తిప్పుతుంటవ్. నేను రెండుసార్లు ఎనకనే నిలబడ్డ." కొంగు ఇంకోసారి బిగించింది. "హాలెండ్‌ల గూడ సలి ఉంటది గద. గా కోటు గాడ తొడుక్కోనియ్యరా?"

ఈ ప్రశ్న నాకు అంతవరకూ తట్టలేదు. భూగోళశాస్త్రంలో ఫస్టు క్లాసు వచ్చిన దాన్ని.

"ఇంకోటి," అంది అమ్మ. రాట్నం కొంచెం ఊగితే కళ్లు మూసుకుని, మూసుకున్న కళ్లతోనే చెప్పింది. "ఇంగ్లండోళ్లది ఇంగ్లీషే. నువ్వు నోరు తెరిస్తే తప్పులు ఏరుతరు. నీకేమో సిగ్గెక్కువ, నోరు మూసుకుంటవ్. ఏడాదంతా నోరు మూసుకునేటందుకు గంత దూరం ఎందుకు? హాలెండోళ్లకు గూడ ఇంగ్లీషు కొన్నదే. నువ్వు తప్పు మాట్లాడు, వాళ్లు తప్పు మాట్లాడుతరు. మంచిగ ముచ్చట జరుగుతది."

రాట్నం కదిలింది. మేం కిందికి దిగేసరికి అమ్మ మళ్లీ మామూలు అమ్మ అయిపోయి, మిర్చి బజ్జీలు ఎక్కడ బాగుంటాయని పక్కావిడని అడుగుతోంది. ఇంటికి వచ్చి నేను పెన్సిల్ రాతని రబ్బరుతో చెరిపాను. ఆ చోట బాపు తన కోర్టు దస్తూరీతో, ఏ అక్షరం ఎంత వంగాలో అంతే వంచి, హాలెండ్ అని సిరాతో రాశాడు. ఫారానికి మూడు నకళ్లు కూడా తీశాడు. ఆ ఫారాన్ని నేను మర్నాడు యూనివర్సిటీకి వెళ్లినప్పుడు చేత్తో ఇచ్చేయొచ్చు. బాపు ఒప్పుకోలేదు. రసీదు లేని కాగితాన్ని ఆయన కాగితంగా లెక్కపెట్టేవాడు కాదు. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకి తీసుకెళ్లి రిజిష్టరు చేయించాడు. నాలుగు మైళ్ల అవతలి యూనివర్సిటీకి అది మూడు రోజుల తర్వాత చేరింది. నేను మాత్రం రోజూ వెళ్లొస్తూనే ఉన్నాను.

మార్చిలో ఇంటర్వ్యూకి పిలిచారు. ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చున్నారు. ఒకాయన ఇంగ్లీషులో, బొంబాయి నుంచి హాలెండ్‌కి ఏయే సముద్రాల మీదుగా వెళతావో చెప్పమన్నారు. అంతకంటే సులువైన ప్రశ్న లేదు. అరేబియా సముద్రం చెప్పాను, ఎర్ర సముద్రం చెప్పాను, సూయెజ్ కాలువ కూడా దాటాను. ఆ తర్వాతి సముద్రం కళ్ల ముందు కనిపిస్తోంది, దాని చుట్టూ ఉన్న ఊళ్లన్నీ కనిపిస్తున్నాయి, ఇంగ్లీషు పేరు మాత్రం రావడం లేదు. నేను మెట్రిక్ దాకా ఉర్దూలో చదువుకున్నదాన్ని. "బహీరా-ఎ-రూమ్," అనేశాను.

మూలన కూర్చున్న ముసలి ప్రొఫెసరు గారు ఒక్కసారిగా తల ఎత్తారు. "బహీరా-ఎ-రూమ్!" అన్నారు, ఎప్పుడో తప్పిపోయిన బంధువు పేరు విన్నట్టు. ఆయన జీవితమంతా ఉర్దూలో పాఠాలు చెప్పి, ఆరేళ్లుగా ఇంగ్లీషులో చెప్పలేక అవస్థ పడుతున్నవారు. "మెడిటరేనియన్, బేటీ. నాకు కూడ అప్పుడప్పుడు మరుపొస్తది," అని నవ్వారు. మిగతా ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హాలెండే ఎందుకని అడిగారు. అక్కడి నేల చూసి, పంటలు చూసి అని చెప్పాలని తయారైవచ్చాను. కానీ నవ్విన తర్వాత అబద్ధం చెప్పడం కష్టం. "మా నాయనమ్మకు నచ్చింది సార్," అన్నాను. పది రోజుల్లో ఉత్తరం వచ్చింది, నన్నే ఎంపిక చేశారని.

ఆ క్షణం నుంచి మా ఇంట్లో నేను పోయే ఏర్పాట్లకంటే ఆ అమ్మాయి వచ్చే ఏర్పాట్లు ఎక్కువయ్యాయి. పాలు పోసే ఆమెని పిలిచి నాయనమ్మ రెండు సేర్లు అదనంగా మాట్లాడింది. నీళ్లు కలిపితే హాలెండు దాకా పేరు పోతుందని హెచ్చరించింది కూడా. జూలై చివర్లో నాంపల్లి స్టేషన్లో బొంబాయి రైలు దిగిన అమ్మాయిని చూసి బాపు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె బాపు కంటే జానెడు పొడవు. గడ్డిరంగు జుట్టు, మెడలో కెమెరా. మా గుమ్మం ఆమెని లెక్కలో పెట్టుకుని కట్టింది కాదు. తల ఠంగున తగిలింది. నాయనమ్మ ఎదురుగా పెద్ద ఇత్తడి గ్లాసు నిండా పాలతో నిలబడి ఉంది. ఆ పిల్ల నుదురు రుద్దుకుంటూ, వంగి నమస్కారం పెట్టి, గ్లాసు అందుకుని గటగటా తాగేసింది.

"చూసినవా," అంది నాయనమ్మ నాతో. "పాడి గల్ల ఇంటి పిల్ల."

మూడు రోజులు, రోజుకి మూడు గ్లాసులు. నాలుగో రోజు ఆ అమ్మాయి నన్ను వాకిట్లోకి పిలిచి, ముఖం పాలిపోయి, తన ఇంగ్లీషులో నా ఇంగ్లీషుకి చెప్పింది. తనకి చిన్నప్పటినుంచీ పాలంటే వాంతి వస్తుందట. ఇంట్లో వాళ్లమ్మ పక్కన నిలబడి తాగించేదట. ఇండియాకి వెళితే ఏడాదిపాటు ఆ బాధ ఉండదని సంతోషంగా వచ్చిందట.

నేను నాయనమ్మకి చెప్పడానికి అరగంట తటపటాయించాను. విని ఆమె వంటింట్లోకి తిరిగి, "కోడలా, పుంటికూర పచ్చడి తియ్యి. ఎల్లిగడ్డ కారం గూడ తియ్యి," అంది. ఆ పిల్ల తింటూ కళ్లనుంచి నీళ్లు కార్చుకుంది, ముక్కు తుడుచుకుంది, ఇంకొంచెం కావాలని చెయ్యి చాపింది.

ఒక నిజం చెప్పాక ధైర్యం వచ్చిందేమో, రెండోది కూడా చెప్పింది. వాళ్ల తాత ఇంజనీరట. యవ్వనంలో మన దేశంలో ఒక నది ఒడ్డున పనిచేశాడట. ఆయన ఫొటోల వెనక 'హైదరాబాద్, ఇండియా' అని రాసి ఉండేది. ఆ నది చూడాలని తను మన ఊరిని ఎంచుకుంది. ఓడలో ఒక బొంబాయి పెద్దమనిషి చెప్పేదాకా ఆమెకి తెలియదు, తాతగారి హైదరాబాద్ సింధులో ఉందనీ, అదిప్పుడు పాకిస్తాన్‌లో ఉందనీ.

బాపు పడీపడీ నవ్వాడు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకి కోపం వచ్చింది. "ఇంకో హైదరాబాద్ ఉన్నదా? ఎవలు పెట్టిన్రు గా పేరు? అసలుది ఇదే అని చెప్పు గామెకు. నది లేకపోవుడేంది? రేపు మూసీకి నేనే తీస్కపోత."

తీసుకెళ్లింది కూడా. సింధు నది చూడాలని సముద్రాలు దాటి వచ్చిన అమ్మాయి, అఫ్జల్‌గంజ్ వంతెన మీద నిలబడి, వానాకాలంలో కూడా బర్రెల మోకాళ్లు దాటని నీటిని చూసింది. నాయనమ్మ చేత్తో గోడలు చూపిస్తూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెబుతుంటే, నేను ఇంగ్లీషులో చెబుతుంటే, ఆ పిల్ల పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడాదంతా ఆమె ఆ వరద గురించే చదివింది. దాని తర్వాత కట్టిన చెరువుల చుట్టూ సైకిల్ మీద తిరిగింది. తెలుగు మా నాయనమ్మ దగ్గర నేర్చుకుంది కాబట్టి ఆమె తెలుగంతా అరవై ఏళ్ల ముసలమ్మ తెలుగు. నేను హాలెండ్‌లో వాళ్లింట్లో పదకొండు నెలలు ఉన్నాను. వాళ్లమ్మ, నేనూ తప్పుల ఇంగ్లీషులో, తర్వాత నా తప్పుల డచ్చిలో, ఆగకుండా మాట్లాడుకున్నాం. అమ్మ అన్నట్టే అయింది. తిరిగొచ్చి, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, సముద్రాల పేర్లు పిల్లలకి మూడు భాషల్లోనూ నేర్పాను.

కానీ వీటన్నిటికీ ముందు నేను రైలెక్కాలి కదా. ఆగస్టు చివర్లో ఒక పొద్దున్న, నన్ను బొంబాయిలో ఓడ ఎక్కించడానికి బాపు నాతో బయల్దేరాడు. ప్లాట్‌ఫారం మీద అమ్మ, నాయనమ్మ, మధ్యలో అమ్మ చీర కట్టుకున్న డచ్చి పిల్ల. అమ్మ చీర ఆమెకి పిక్కల పైకే వచ్చింది. గార్డు ఈల వేసి, మా గుంపు మొత్తాన్నీ ఒకసారి చూసి, హడావుడిగా ఆ పిల్ల భుజం దగ్గరికి వచ్చి, "మేమ్‌సాబ్, బైఠియే, బైఠియే! గాడీ ఛూట్ రహీ హై!" అన్నాడు.

నాయనమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గామె పోదు," అంది గార్డుతో. "గామె మా ఇంటామె. పోయేది గాడ కిటికీల కూసున్నది."

గార్డు నన్ను చూశాడు, ఆమెను చూశాడు. ఏమీ అర్థం కాక పచ్చజెండా ఊపేశాడు. రైలు కదిలేటప్పుడు మేమందరం నవ్వుతూనే ఉన్నాం. అందుకని అప్పుడు ఏడవడానికి వీలు కాలేదు.

ఏడుపు వికారాబాద్ దాటాక వచ్చింది. ఒక్కసారిగా వచ్చింది. బాపు కిటికీలోంచి బయటికి చూస్తూ కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఎదురుగా బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ మా ఇద్దర్నీ చూసి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఏమైంది బిడ్డా? ఎవరు పోయిన్రు?"

"ఎవరు పోలేదమ్మా," అన్నాడు బాపు. "ఈమెనే పోతున్నది. సదువుకోను. ఏడాదికి వాపస్ వస్తది."

"వాపస్ వచ్చేదానికి గింత ఏడుపా?" అంది ఆవిడ. బుట్టలోంచి మూడు జామపండ్లు తీసి, ఒకటి నాకిచ్చి, ఒకటి బాపుకిచ్చి, మూడోది తను కొరికింది. తాండూరు దాకా ముగ్గురం మాట్లాడకుండా తిన్నాం.